మేకుకు వేలాడే కప్పు

కమిష్కి,
ఉల్లి తవ్వకాలు అయిన మర్నాడు, 1992

కాపాకు, అక్క లుకేర్యా రాయునది.

నీ కార్డు అందింది. దాని మీద నార్వా కోట బొమ్మ బాగుంది. వెనకాల నువ్వు రాసింది అంత బాగా లేదు. "మిల్లులో సగం యంత్రాలు ఆపేశారు, నన్నూ పంపించేశారు. అమ్మ గది ఖాళీగానే ఉందా?" అని రెండు ముక్కలు. పద్దెనిమిదేళ్లకు మూటా ముల్లె కట్టుకుని పోయినదానివి, అమ్మ పోయినప్పుడు ఒక్క రోజు వచ్చి మూతి ముడుచుకుని వెళ్లినదానివి, ఇప్పుడు గది గుర్తొచ్చింది. సంతోషం.

గది ఖాళీగానే ఉంది, అంటే ఉల్లితో నిండి ఉంది. ఈ ఏడు పంట విరగకాసింది, కొనేవాడు లేడు. లారీకెత్తి లెనిన్‌గ్రాద్ సంతలో అమ్ముకుని వచ్చే రోజులు పోయాయి. ఇప్పుడా ఊరికి పేరు కూడా మార్చారట. మధ్యలో సరిహద్దు, వీసా, సుంకం. ఉల్లిపాయకు వీసా ఎవడిస్తాడు? జడలు అల్లి పొయ్యి పైన కట్టాను, అటక నిండా కట్టాను, అమ్మ మంచం మీదా పరిచాను. నువ్వొస్తే వాటినైనా లేపాలి, నువ్వైనా వాటి మధ్య పడుకోవాలి.

ఇల్లు నాన్న కట్టింది, కాబట్టి రావద్దని నేను అనను. కానీ ఎలా రావాలో నీకు తెలుసు. తల మీద గుడ్డ, గడ్డం కింద ముడి కాదు, పిన్ను. ముందు ప్రార్థన మందిరానికి వెళ్లి అందరి ఎదుటా నేలకు తల ఆనించాలి. లోకంలో పడి తిరిగాను, మన విశ్వాసం కాని లోకుల కంచాల్లో తిన్నాను, క్రీస్తు పేరు చెప్పి క్షమించండి అనాలి. పెద్దాయన సవ్వాతీ చాలనేదాకా వెనకాల తలుపు దగ్గర నిలబడాలి, పాటలో గొంతు కలపకూడదు. అంతవరకు నీ కంచం వేరు, నీ కప్పు వేరు. ఇది నేను పెట్టిన కట్టుబాటు కాదు, మన ముసలివాళ్లంతా చేసిందే. ఇక నీ మొగుడు జెన్నాదీ వస్తే పడవల పాకలో పడుకోవాలి. పొగాకు కంపు నా గుమ్మం తొక్కడానికి వీల్లేదు.

సవ్వాతీకి దగ్గు. పాట డోమ్నా అందుకుంటోంది. డోమ్నా నోరు తెరిస్తే సరస్సులో చేప అవతలి ఒడ్డుకు పోతుంది.

నేను బాగానే ఉన్నాను.

లుకేర్యా

*

నార్వా,
అక్టోబరు 1992

నిప్పులు కడిగే అక్కగారికి కాపా నమస్కారాలు.

నీ కవరు చించగానే ఇల్లంతా ఉల్లి వాసన. జెన్నాదీ బాల్కనీలో సిగరెట్ తాగుతున్నాడు. అక్కడి నుంచే "మీ అక్క వచ్చిందా?" అని అడిగాడు.

ఉత్తరం రెండుసార్లు చదివాను. ముప్ఫై ఆరేళ్లు నేత హాల్లో నిలబడి పనిచేసిన మనిషిని, పని పోయింది అని రాస్తే, "అయ్యో" అనే మాట ఎక్కడైనా ఉందేమోనని వెతికాను. లేదు. గడ్డం కింద పిన్ను మాత్రం ఉంది.

అక్కా, నీ కప్పు సంగతి నాకు చెప్పకు. అమ్మను మట్టిలో పెట్టి వచ్చాక అందరం బల్ల చుట్టూ కూర్చున్నాం. టీ నీళ్లు కాగే సమోవార్ దగ్గర నువ్వు. అందరికీ అల్మరాలోంచి కప్పులు తీశావు, డోమ్నాక్కూడా. నా వంతు వచ్చేసరికి లేచి వెళ్లి తలుపు పక్క మేకుకున్న కప్పు తెచ్చావు. పశువుల డాక్టరుకు, కరెంటు మీటరు చూసేవాడికి, దారి తప్పి వచ్చిన టూరిస్టుకు పోసే కప్పు. నీలం అంచు, పిడి దగ్గర పెచ్చు ఊడిపోయి నల్లగా ఉంటుంది. అందులో నాకు టీ పోసి, మర్యాదకు లోటు రాకూడదని పక్కన చక్కెర ముక్క కూడా పెట్టావు. ఆ బల్ల మీదే కదా నేను అన్నం తినడం నేర్చుకుంది. నేను దాన్ని ముట్టలేదు, లేచి బస్సెక్కాను. దారి పొడుగునా ఏడ్చానని నీకు ఎవరూ చెప్పి ఉండరు, అందుకే నేనే చెబుతున్నాను.

అల్మరాలో కప్పు ఇస్తానంటే వస్తాను. మేకు కప్పయితే నీ గది నీకే ఉంచుకో, ఉల్లిపాయలు హాయిగా పడుకుంటాయి.

జెన్నాదీ గురించి ఒక మాట. ఎస్తోనియన్లు దేశం వేరు చేసుకున్నాక నిన్ను పౌరురాలు అన్నారు, నన్నూ అన్నారు, మన తాతలు యుద్ధానికి ముందు ఇక్కడివాళ్లని. అతణ్ణి వాళ్ల భాషలో పరీక్ష రాయమన్నారు. ముప్ఫై ఏళ్లు వీళ్ల యంత్రాలు బాగుచేసిన మనిషి ఇప్పుడు ఏ దేశానికీ చెందడు. నీకు మాత్రం అతని దగ్గర కనిపించింది పొగాకు కంపు.

డోమ్నాకు నా వందనాలు. చేపలకు సానుభూతి.

కాపా

*

కమిష్కి,
సరస్సు గడ్డకట్టిన వారం

కాపాకు,

ఆ టీ పారబోశాను, చక్కెర ముక్క కూడా పారేశాను. నువ్వు వెళ్లాక కప్పు కడిగి మళ్లీ మేకుకే తగిలించాను. ఇంకెక్కడ తగిలించాలి?

నీకు కోపం వస్తుందని కట్టుబాటు మారదు. లోకుల ఇంట పెళ్లాడావు, లోకుల క్యాంటీన్‌లో ముప్ఫై ఆరేళ్లు తిన్నావు, సాసేజీలు కూడా తిన్నావు, జుట్టు కత్తిరించుకున్నావు. ఇవన్నీ నేను చేయించానా? వయసులో లోకంలో తిరిగి ముసలితనంలో వచ్చి తలుపు దగ్గర నిలబడడం మనవాళ్లకు కొత్తేం కాదు. అమ్మా నిలబడింది. నాన్న కూడా నిలబడ్డాడు, అంతటి పాటగాడు, ఒక చలికాలమంతా నోరు మూసుకుని నిలబడ్డాడు. నీ ఒక్కదానికే తల కొట్టేసినట్టవుతుందా?

ఇక నీ మొగుడు. అతణ్ణీ మనల్నీ ఒకే గాట కట్టకు. మనవాళ్లు జీతం కోసం రాలేదు. అటు ఒడ్డున రష్యన్ రాజు మనుషులు గడ్డం గొరుగుతామన్నారు, మన రెండు వేళ్లు కాదని మూడు వేళ్లతో సిలువ గుర్తు వెయ్యమన్నారు, కాదన్నవాణ్ణి కొట్టంలో పెట్టి తగలబెట్టారు. అందుకని పిల్లల్ని బండ్లలో వేసుకుని మంచు మీద సరస్సు దాటి వచ్చారు. ఇక్కడ జర్మన్ దొరలుండేవాళ్లు. వాళ్లకు మన గడ్డాలతో పనిలేదు, మన వలలతోనే పని. ఆ తర్వాత కూడా మందిరానికి సీలు వేశారు, గంటలు పీకేశారు, యుద్ధంలో కాల్చేశారు, మళ్లీ కట్టాం. ఎవరు ఏ జెండా ఎగరేసినా మేం ఇదే మట్టి పారతో తిరగేశాం. మీ ఆయన టికెట్ కొనుక్కుని రైలు దిగాడు. ఫ్లాట్ ఇచ్చారు, స్నానాల గది ఇచ్చారు. అన్నేళ్లుండి పక్కింటివాణ్ణి వాడి భాషలో నీళ్లడగడం రాదు. వాళ్లు పరీక్ష పెట్టకపోతే నేనే పెట్టేదాన్ని.

సవ్వాతీ మంచం దిగడం లేదు. డోమ్నా అల్లుడు పక్క ఊరు ఒసోకి వాడు. ఆ ఊళ్లో పాడేవాళ్లు చచ్చిపోకముందే వాళ్ల పాటలన్నీ క్యాసెట్లలో పట్టేశారట. ఇప్పుడు ఆదివారం పూట టేప్ రికార్డర్ పెట్టుకుని దాని ముందు దణ్ణాలు పెడుతున్నారు. చెప్పుకుంటే సిగ్గుచేటు.

చలి ఎక్కువగా ఉంది. ఉల్లి గడ్డకట్టకుండా రోజంతా పొయ్యి వేస్తున్నాను.

లుకేర్యా

*

నార్వా,
జనవరి 1993

అక్కగారికి,

మీ వంశ చరిత్ర చదివి తరించాను. మూడొందల ఏళ్ల కింద వచ్చినవాడు ముప్ఫై ఏళ్ల కింద వచ్చినవాణ్ణి చూసి "ఎక్కడి నుంచో వచ్చిపడ్డారు" అంటున్నాడు. ఇద్దరూ అటు ఒడ్డు నుంచే వచ్చారు, ఒకడు బండి మీద, ఒకడు రైల్లో. నువ్వు తార్తు పట్నం బస్సెక్కి గట్టిగా రష్యన్‌లో ఒక మాట మాట్లాడి చూడు. నీ గడ్డం కింద పిన్ను చూసి ఎవరూ "ఈవిడ వేరే, ఈవిడ మంచు మీద వచ్చింది" అనరు. నన్ను ఎలా చూస్తారో నిన్నూ అలాగే చూస్తారు.

నీకింకో ముచ్చట చెప్పనా? మిల్లులో నాతో పనిచేసిన ఆడవాళ్లు ఇప్పుడు నాతో మాట్లాడడం లేదు. నాకు పాస్‌పోర్టు వచ్చింది, వాళ్లకు రాలేదు. "నువ్వు వాళ్ల మనిషివిలే, పో" అంటున్నారు. మీ ఊళ్లో నేను లోకపుదాన్ని, ఇక్కడ నేను ఎస్తోనియన్ల ముద్దుబిడ్డని. బాగుంది కదూ నా వైభోగం.

టేప్ రికార్డర్ సంగతి విని నవ్వాగలేదు. జెన్నాదీకి చెబితే బాల్కనీలో సిగరెట్ పడేసి మరీ నవ్వాడు. దానికి కూడా తల మీద గుడ్డ వేసి పిన్ను పెట్టండి, అప్పుడే శుద్ధి. అది ఎవరింట్లో కరెంటు తిన్నదో కూడా కనుక్కోండి.

నువ్వు సూటిగా అడగకపోయినా నువ్వెందుకు ఆ పాటల గోల రాస్తున్నావో నాకు తెలుసు. నాన్న నాకు నేర్పాడు, నా వేళ్ల కణుపుల మీద స్వరాలు తట్టి మరీ నేర్పాడు. నువ్వు ఎదురుగా కూర్చుని కంఠతా పట్టావుగానీ నీకు గొంతు లేదు. దానికి నేను చేయగలిగింది లేదు. నేను అన్నీ మర్చిపోయాను. పాటల పుస్తకంలో స్వరాలకు వాడే ఆ కొక్కేల రాత ఇప్పుడు చూస్తే నాకు ఉల్లి వేళ్లలా కనిపిస్తుంది. నామీద ఆశ పెట్టుకోకు.

ఇక్కడ అంతా బాగుంది.

కాపా

*

కమిష్కి,
పెద్ద ఉపవాసానికి ముందు వారం

కాపాకు,

సవ్వాతీ పోయాడు.

నేల ఇనుములా ఉంది. ఇద్దరు కూలీలు కట్టెలు మండించి మట్టి కరిగించి గొయ్యి తవ్వారు. శవం ముందు పాడడానికి నేనూ డోమ్నా మిగిలాం. మిగతావాళ్లు పెదవులు కదుపుతారంతే. సాగనంపే పాట సగంలోకి వచ్చేసరికి డోమ్నా ఒక దారిన పోయింది, నేనొక దారిన పోయాను, ఇద్దరం ఆగిపోయాం. మాటలన్నీ నాకు వచ్చు. రాగం ఎక్కడ లేవాలో నాకు తెలుసు, గొంతు లేవలేదు. నువ్వు జనవరిలో రాసింది నిజమే, నాకు గొంతు లేదు. సవ్వాతీ నలభై ఏళ్లు ఊరంతటినీ పాడి సాగనంపాడు, అతణ్ణి మాత్రం సగం పాటతో పంపాం. కాకులు అరుస్తుంటే మట్టి వేశాం. అంత అవమానం నేను ఎప్పుడూ పడలేదు.

దినం రోజున డోమ్నా అల్లుడు టేప్ రికార్డర్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. "పిన్నీ, ఈస్టర్‌కి ఇది పెట్టేస్తే సరి. మీరు నిలబడితే చాలు, అదే పాడుకుంటుంది" అన్నాడు. నొక్కి చూపించాడు కూడా. చచ్చినవాళ్లు డబ్బాలోంచి పాడారు. మధ్యలో టక్‌మని ఆగింది. "రెండో వైపు తిప్పాలి" అన్నాడు. "క్రీస్తు లేచెను అని సగం చెప్పి రెండో వైపు తిప్పుతావా?" అని అడిగాను. ఎవరూ వద్దనలేదు. వేరే దారి ఏముంది అని డోమ్నా అంది. ఈస్టర్ నాడు అది పాడుతుంటే నేను నిలబడలేను. అలాగని ఆ రోజు మందిరానికి వెళ్లకుండా ఇంట్లోనూ ఉండలేను.

ఇక నీ సంగతి. అక్టోబరులో జెన్నాదీ బాల్కనీలో సిగరెట్ తాగుతున్నాడు. జనవరిలో కూడా బాల్కనీలోనే తాగుతున్నాడు. ఈ జనవరిలో మా దొడ్లో కోడి నిలబడ్డచోటే గడ్డకట్టి చచ్చింది. మీ ఆయన ఏ జాతి మనిషే?

లుకేర్యా

*

నార్వా,
మార్చి 1993

అక్కా,

జెన్నాదీ లేడు. నీ మొదటి ఉత్తరం వచ్చేనాటికే లేడు. సెప్టెంబరులో సరిహద్దు వంతెన దాటి వాళ్ల తమ్ముడి దగ్గరికి సరాతోవ్ వెళ్లిపోయాడు. "ఇక్కడ నేనెవర్ని? పరీక్ష రాసే వయసా నాది? నువ్వూ రా" అన్నాడు. నేను అక్కడికి వెళ్లి ఏం చెయ్యాలి? ఆ దేశం నేను సంతలో ఉల్లి అమ్మేటప్పుడు చూసిందే. నేను రానన్నాను. "అయితే నువ్వు నాకంటే ఆ ఉల్లిపాయల ఊరికే చెందుతావు" అన్నాడు. పెట్టె తీసుకుని వెళ్లిపోయాడు, బాల్కనీలో సిగరెట్ పీకల డబ్బా మాత్రం వదిలేశాడు. నేనింకా దాన్ని పారెయ్యలేదు.

"మీ అక్క వచ్చిందా" అన్నమాట నేనే కల్పించాను. ఉంటే అదే అడిగేవాడు. నీకు తెలిస్తే "నేను ముందే చెప్పానా" అంటావని దాచాను. ఇప్పుడు అనుకో. గట్టిగానే అనుకో, నాకు ఇక్కడికి వినిపించదు. జాలిపడితే మాత్రం ఊరుకోను.

సవ్వాతీ సంగతి చదివాను. చిన్నప్పుడు నా జడ పట్టుకుని ముందు వరుసలోకి లాగేవాడు. ఆయన్ని సగం పాటతో పంపారా? మీ ఇద్దరి మొహాలూ తగలెయ్య.

నేను మర్చిపోయానని రాసింది అబద్ధం. నేత హాల్లో యంత్రాలు నడుస్తుంటే పక్క మనిషి కేక వేసినా వినపడదు. అందరూ పెదవులు చూసి మాట్లాడుకుంటారు. నేను అక్కడ పాడేదాన్ని. ముప్ఫై ఆరేళ్లు, ఏ పండుగ పాట ఆ పండుగకి, సాగనంపే పాటతో సహా, పూర్తి గొంతుతో పాడాను. ఒక్కరికి కూడా వినపడలేదు. నాన్న పోయినప్పుడు షిఫ్టు వదిలి వెళ్లనివ్వలేదు, ఆ రోజు హాల్లోనే మొత్తం పాడాను. ఆ యంత్రాలు ఆపేశాక హాలు ఎంత నిశ్శబ్దంగా ఉందంటే నా అడుగుల చప్పుడు నాకే వినిపించింది.

అయినా నేను రాను. నీ కప్పు మారలేదు, నేనూ మారలేదు. మీ డబ్బాకి బ్యాటరీలు కొనుక్కోండి.

కాపా

*

మార్చి 1993

కాపాకు,

ఉత్తరం డోమ్నా చేత అందింది. జెన్నాదీ గురించి నేను ఏమీ అనను.

ఇక్కడ అంతా బాగానే ఉంది. ఉల్లి బాగానే ఉంది. సరస్సు మీద మంచు కరుగుతోంది. పనుల వల్ల ఎక్కువ రాయలేకపోతున్నాను. రావాలో వద్దో నీ ఇష్టం.

లుకేర్యా

*

నార్వా,
అదే వారం

లుకేర్యా అక్కా,

ఏమైంది?

నీ మొహానికి అబద్ధం రాదు, నీ చేతికీ రాదు. కవరు మీద తపాలా ముద్ర తార్తుది. నువ్వు పళ్లు పీకించుకోవడానికి కూడా తార్తు వెళ్లే మనిషివి కాదు. చించి వాసన చూశాను. ఉల్లి వాసన లేదు. ఫినాయిల్ వాసన వేస్తోంది. నా జన్మలో నీ దగ్గర్నుంచి ఉల్లి వాసన లేని కాగితం రాలేదు. ఊరి పేరు రాయకుండా "మార్చి 1993" అని మాత్రమే పెట్టావు. నీకు అది ఏ నెలో కూడా తెలీదు కదా, ఏ పండుగకు ముందో వెనకో తప్ప.

అన్నిటికంటే, జెన్నాదీ నన్ను వదిలి పోయాడని రాస్తే "నేను ఏమీ అనను" అంటావా! ఆరు నెలలుగా ఆ మాట కోసమే భయపడుతున్నాను. నువ్వు అనలేదంటే నువ్వు లేచి కూర్చునే స్థితిలో కూడా లేవని అర్థం.

ఏ ఆస్పత్రి? ఏ వార్డు? నువ్వు చెప్పకపోతే తార్తులో ప్రతి ఆస్పత్రి గుమ్మంలో నిలబడి, గడ్డం కింద పిన్ను పెట్టుకుని మూతి ముడుచుకున్న ముసలిదాన్ని చూశారా అని అడుగుతాను. నీ పరువు పోతుంది, చూసుకో.

కాపా

*

కమిష్కి,
మట్టల ఆదివారం ముందు

కాపాకు,

ఇంటికి వచ్చేశాను. అరవకు.

అటకెక్కి ఉల్లి జడలు దించుతుంటే నిచ్చెన జారింది. కాలి ఎముక విరిగింది. డోమ్నా అల్లుడే తన బండిలో తార్తు చేర్చాడు. దారిలో ఆ టేప్ రికార్డర్ పెట్టి పాటలు వినిపించాడు, నాకు ధైర్యంగా ఉంటుందని. కాలు నొప్పి ఒక ఎత్తు, అదొక ఎత్తు.

ఆస్పత్రిలో అందరికీ ఒకే రకం కంచాలు, అందరివీ ఒకే తొట్లో కడుగుతారు. పైగా ఈస్టర్ ముందు పెద్ద ఉపవాసం, పాలు కూడా ముట్టకూడదు. మొదట నేను ముట్టలేదు. పక్క మంచం మీద ఒక ఎస్తోనియన్ రైతు మనిషి, పేరు హెల్మి, మన ఊరి పొలాల అవతలే ఉంటుందట. "తినవేం?" అంది. వాళ్ల భాషలోనే చెప్పాను, మాకు వేరే కంచం ఉండాలి అని. ఆమె నవ్వింది. "మా అమ్మ మీ ఊరికి ఉల్లి కొనడానికి వస్తే మేకుకున్న కప్పులో టీ ఇచ్చేవాళ్లు. మీ వాళ్లకేదో అంటురోగం ఉందేమో, మాకు అంటకుండా వేరే కప్పు పెట్టారు పాపం అని అమ్మ అనుకునేది" అంది. మూడొందల ఏళ్లుగా వాళ్లు మన గురించి అనుకున్నది అది. నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను.

తర్వాత తిన్నాను. పాలు పోసిన రవ్వ జావ. ఉపవాసంలో, లోకుల కంచంలో, లోకుల చెంచాతో. కళ్లు తిరుగుతున్నాయని కాదు, ఆకలేసి తిన్నాను. బాగుంది కూడా. మర్నాడు ఇంకా కావాలని అడిగాను.

కాబట్టి ఇప్పుడు నేనూ మైలే. అల్మరా కప్పు ముట్టే హక్కు నాకు లేదు. ఇంటికి వచ్చిన రోజున మేకుకున్న కప్పు తీసి దాంట్లో టీ పోసుకున్నాను. ఆ పెచ్చు పెదవికి గుచ్చుకుంటుంది, నీకు తెలీదు, నువ్వు తాగలేదు కదా.

క్షమాపణ అడుగుదామంటే సవ్వాతీ లేడు. ఊళ్లో శుద్ధంగా మిగిలింది డోమ్నా. టీవీ ముందు కూర్చుని కొట్లో కొన్న బిస్కెట్లు తినే డోమ్నా. నేను లేనన్నాళ్లు రోజూ వచ్చి పొయ్యి వేసి నా ఉల్లిని కాపాడింది, ఆ ముక్క ఊరంతా చెప్పుకుంటోంది, చెప్పుకోనీ. ఆమె ముందు తల నేలకు ఆనించాలంటే నాకు చావే నయమనిపించింది. పైగా కాలు కట్టులో ఉంది, వంగదు. నిలబడే అడిగాను. "క్షమించండి" అన్నాను. ఆమె గుర్రున చూసి, "దేవుడు క్షమిస్తాడు, నీ సంగతి ఈస్టర్ అయ్యాక చూద్దాం. అంతవరకు తలుపు దగ్గర నిలబడు" అంది. నాకు చెప్పింది డోమ్నా!

తలుపు దగ్గర నిలబడ్డవాళ్లు గొంతు కలపకూడదని కట్టుబాటు. ముందు వరుసలో పాడేవాళ్లు ఒక్కరూ లేనప్పుడు ఎవరి గొంతుతో కలిపినట్టు? దీన్ని ఆస్పత్రి మంచం మీద పడుకుని అన్ని రకాలుగా ఆలోచించాను. డోమ్నాను అడిగాను. ముక్కు గీరుకుని "తలుపు దగ్గర్నుంచి పాడితే నాకు వినపడనట్టే ఉంటాను. బ్యాటరీల ఖర్చు కూడా తప్పుతుంది" అంది.

మాటలన్నీ నాకు వచ్చు. ఎక్కడ తప్పినా నీ కణుపు మీద తడతాను. నువ్వు పాడు. నువ్వు రా కాపా. రమ్మని అడుగుతున్నాను.

అమ్మ మంచం మీద ఉల్లి తీసేశాను. కుంటుకుంటూ తీశాను. కప్పు సంగతి ముందే చెబుతున్నాను, అల్మరా తాళం డోమ్నాకు ఇచ్చేశాను. మైలవాళ్లకు ఇంట్లో ఉన్నది ఒక్కటే కప్పు, దాంట్లో ఇప్పుడు నేను తాగుతున్నాను. వచ్చేటప్పుడు నీ కప్పు నువ్వు తెచ్చుకో.

లుకేర్యా

*

నార్వా,
ఏప్రిల్ 1993

అక్కా,

శనివారం పొద్దున బస్సుకు వస్తున్నాను. తలకు గుడ్డ కొన్నాను. పిన్ను దొరికింది. జుట్టు పెరగడానికి టైము లేదు, డోమ్నాకు కనపడనట్టే ఉండమను. బాల్కనీలో డబ్బా పారేశాను.

పాట నేను ఎత్తుకుంటాను. నువ్వు మాత్రం పొరపాటున కూడా నోరు తెరవకు, కణుపు మీద తడితే చాలు. ముందు సవ్వాతీ సమాధి దగ్గరికి తీసుకెళ్లు, అక్కడ ఒక పాట సగం బాకీ ఉంది.

కప్పు తేవడం లేదు. రెండో కప్పు ఎందుకు? నువ్వూ మైలే, నేనూ మైలే, ఎవరి ఎంగిలి ఎవరికి అంటుతుంది? ఆ ఒక్కదాంట్లోనే ఇద్దరం తాగుదాం. సమోవార్ వేడిగా ఉంచు, పక్కన చక్కెర ముక్క పెట్టు.

ముందు నేను తాగుతాను. ఆ టీ నాది.

కాపా